ఎండ గాయమును మాన్పు జన్యువు
(గుంటూరున చేసిన స్మారకోపన్యాసము)



ఈ మండలపు పల్లెలలో చర్మరోగుల సేవకు జీవితమంతయు ధారవోసిన వైద్యవర్యుల స్మృతికి అంకితమైన ఈ సభలో ప్రసంగింపుమని నిర్వాహకులు నన్ను కోరినపుడు, ఎండతోడనే బ్రదుకు ముడివడిన ఈ నల్లరేగడి సీమవారికి, ఎండ చేసిన గాయమును దేహములోపలనే మాన్పు ఒక జన్యువు చరిత్రను వినిపించుటకంటె తగిన నివాళి లేదని నాకు తోచినది. శాస్త్రజ్ఞులు దానిని ఎక్స్‌.పి.ఏ. అని వ్యవహరింతురు. అది మానవుని తొమ్మిదవ క్రోమోజోముపై నున్నది. దానివలన నిర్మితమగు ప్రొటీను 273 ఆమైనో ఆమ్లముల చిన్న గొలుసు. ఆ గొలుసు లోపించిన బిడ్డకు పగటివెలుగే పగయగును.

ఈ చరిత్ర రోగముతో నారంభమైనది. పసితనముననే ముఖమునను చేతులమీదను మచ్చలు క్రమ్మి, చర్మము పొడిబారి పలుచబడి, పుండ్లు కేన్సరుగా మాఱు రోగులను 1870 దశకమున వియన్నా వైద్యులు హెబ్రా, కపోసీ వర్ణించిరి. 1882లో కపోసీ ఆ వ్యాధికి జీరోడెర్మా పిగ్మెంటోసమ్‌ అని పేరిడెను. ఎండకును ఈ పుండ్లకును గల సంబంధము కంటికి కనబడుచునే యున్నను, దాని కారణము తెలియుటకు నూఱేండ్లు కావచ్చినది.

ఆ కారణమునకు దారి చూపినవి సూక్ష్మజీవులు. అతినీలలోహిత కిరణము సోకినపుడు డి.ఎన్‌.ఏ. పేటలో ప్రక్కప్రక్కనున్న రెండు థైమిన్‌లు ముడివడునని 1960లో వెల్లడియైనది. ఆ ముడిని బాక్టీరియా కత్తిరించి తొలగించుకొనుచున్నదని 1964లో ఓక్‌రిడ్జి, యేల్‌ పరిశోధకులు వేర్వేరుగా నిరూపించిరి. అంతట శాన్‌ఫ్రాన్సిస్కోలోని జేమ్స్‌ క్లీవర్‌, ఒక వార్తాపత్రికలో ఈ రోగమును గూర్చి చదివి, రోగుల చర్మకణములను తెప్పించి, పెంచి, ఆ కిరణములకు గుఱిచేసి చూడగా, ఆరోగ్యవంతుల కణములు చేసికొనగల మరమ్మతు వీరి కణములకు చేతకాదని తేలినది. 1968లో ప్రకటితమైన ఈ ఫలితము మహత్తరమైనది. ఏలనన, మనలో ప్రతివాని చర్మమందును అనుదినము జరుగుచున్న ఈ గుప్తచికిత్సను లోకమునకు తెలిపినవారు, ఆ చికిత్సకు నోచుకొనని కొందఱు రోగులే.

ఇద్దఱు రోగుల కణములను కలిపినపుడు ఒకరి లోపమును వేఱొకరి కణము పూరించుట 1972లో రోటర్‌డామ్‌ శాస్త్రజ్ఞులు గమనించిరి. ఒకే రోగమునకు పలు జన్యువులు మూలమని తెలిసి, క్రమముగా ఏడు వర్గములును, ఒక రూపాంతరమును ఏర్పడినవి. మొదటి వర్గపు జన్యువును, అనగా ఎక్స్‌.పి.ఏ.ను, పట్టుకొన్నవారు జపానులోని కియోజీ తనాకా బృందము. చిట్టెలుక డి.ఎన్‌.ఏ.ను రోగి కణములలో చొప్పించి, అతినీలలోహిత కాంతికి మడియక మిగిలిన కణములనేఱి, వాటిని బ్రదికించిన ఎలుక జన్యువును వెదకి, దాని సాయమున మానవ జన్యువును 1990లో వెల్లడించిరి.

చీరాల నేతకాడు మగ్గముపై చెడిన పోగును తీసి క్రొత్తపోగు నతుకునట్లే కణమును చేయును. ఎక్స్‌.పి.సి. అను ప్రొటీను గాయమును పసిగట్టును, వేఱు ప్రొటీనులు పేటలను విడదీయును, ఎక్స్‌.పి.ఏ. గాయమును సరిచూచి, కోత కోయు ప్రొటీనులను తగినచోట నిలుపును. సుమారు 30 డి.ఎన్‌.ఏ. అక్షరముల ముక్క ఊడిరాగా, ఎదుటి పేటను బట్టి ఖాళీ పూరింపబడును. ఈ కోతను కూలంకషముగా పరిశీలించిన అజీజ్‌ సన్‌కార్‌ 2015లో నోబెల్‌ బహుమానమును లిండాల్‌, మోడ్రిచ్‌లతో పంచుకొనెను.

ఈ జన్యువు లోపించిన వారిలో పెక్కుమందికి ఎండ చొరని మెదడును క్షీణించును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున కల్లూరి సుబ్బారావుగారు ముదిమి మీఱిన మెదడుకణములలో డి.ఎన్‌.ఏ. మరమ్మతు ఎట్లు సన్నగిల్లునో చిరకాలము పరిశోధించి, ఆ లోపమునకును నాడీరోగములకును గల సంబంధమును చర్చించిరి.

ఇక మన సీమకు వత్తము. పర్చూరు, ఇంకొల్లు, ప్రత్తిపాడు చేలలో మిరపకోతకు వచ్చు స్త్రీలు చీరపై మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకొందురు; కాయలు కల్లములో ఎండుచుండ వారి పసివారు ప్రక్కనే ఆడుకొందురు. మన మేనిచాయ కొంత రక్షయే. కాని జన్యువు ప్రతులు రెండును చెడిన బిడ్డకు ఆ రక్ష చాలదు. తలిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులై, చెడిన ప్రతి చెరియొకటి కలవారైనచో, ప్రతి కాన్పునందును నాలుగింట ఒకవంతు ప్రమాదము. ఒకే పూర్వికుని ప్రతి రెండువైపుల నుండియు బిడ్డకు చేరు అవకాశము మేనత్త మేనమామ బిడ్డల సంతానమునకు పదునాఱింట ఒకటి, మేనమామ మేనకోడండ్ర సంతానమునకు ఎనిమిదింట ఒకటి.

కావున నా మనవి యిది. కొద్దిపాటి ఎండకే కమిలి బొబ్బలెక్కు శిశువును, రెండేండ్లు నిండకమున్నే ముఖమున మచ్చలు దట్టమగు బిడ్డను దిష్టి తీసి ఊరకుండక చర్మవైద్యునికి చూపింపుడు. ఉపాధ్యాయులారా, అట్టి బాలుని ఎండలో ప్రార్థనకు నిలుపకుడు. కిటికీ అద్దము అతినీలలోహిత కిరణములన్నిటిని ఆపదు గనుక గదిలోపలి వరుసలో కూర్చుండబెట్టుడు. ఇంట నొకరికి ఈ వ్యాధి యున్నచో, పెద్దలారా, మేనరికము నిశ్చయించుటకు ముందు జన్యువైద్యుని సలహా గొనుడు. ఈ రోగమును మాన్పు మందు లేదు. కాని చిన్ననాటనే గుర్తించి నీడపట్టున పెంచిన బిడ్డకు పుండ్లు తగ్గును, ఆయువు పెరుగును. మనలనందఱను కాచుచున్న చికిత్సను తమ బాధచేత తెలిపినవారికి మనమా నీడను సమకూర్చుట దయ గాదు, ఋణవిమోచనము.