రెండు పేటలకూ ఒకే పుస్తకం: ‘సెక్రటరీ’



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం పెట్టుకున్నామో ఆ టీచరమ్మ ఇంటి ముందుగది నిండా నవలలుండేవి. ఉప్పల్ నుంచీ నాచారం నుంచీ ఆడవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు. అట్టలు ఊడి, మళ్ళీ మళ్ళీ బైండింగుకు వెళ్ళినవి ఎక్కువగా యద్దనపూడి సులోచనారాణివే. ఈ ఏడు రెండు పేటలవాళ్ళం కలిసి చదవడానికి ఒక పుస్తకం చెప్పమన్నారు. నేను ‘సెక్రటరీ’ అంటాను.

సులోచనారాణి 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు, 2018లో అమెరికాలో కన్నుమూశారు. ‘సెక్రటరీ’ 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక భాగం చదివితే తర్వాతి భాగానికి నెలంతా ఆగాలి. ఆ ఎదురుచూపులో ఇంటింటా కథ మీద వాదనలు నడిచేవి. ఆ తర్వాతి ఏళ్ళలో రచయిత్రుల నవలలకు ఎంత గిరాకీ అంటే, కొందరు మగ రచయితలు కూడా ఆడపేర్లతో రాశారు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో ‘సెక్రటరీ’ సినిమా అయింది. సినిమా చూశాం కదా, చాలదా అంటారేమో. చాలదు. కథానాయిక జయంతి మనసులో నడిచే తర్కమంతా నవలలోనే ఉంది.

బామ్మతో ఉండే పేదింటి పిల్ల జయంతి. బతుకుతెరువు కోసం ‘వనితా విహార్’ అనే ఆడవాళ్ళ సంఘంలో సెక్రటరీగా చేరుతుంది. డబ్బున్న ఆడవాళ్ళ నడుమ తల వంచకుండా ఎలా నెగ్గుకురావాలో అక్కడే నేర్చుకుంటుంది. ఆ తర్వాత సంపన్నుడైన రాజశేఖరం దగ్గర ఉద్యోగం. అతని అందం, కారు, హోదా చూసి ఒక తరం మైమరిచింది. విమర్శకులు ఈ నవలను కలల బేరమని కొట్టిపారేశారు. అందులో కొంత నిజముంది. అంత సంపన్నుడు చివరికి చేయి అందిస్తాడన్న ఆశ అందరి జీవితానికీ సరిపడదు. కానీ జీతం కోసం గడప దాటిన ఆడపిల్ల ఆత్మగౌరవాన్ని అంత చదివించే గుణంతో రాయడం చిన్న పని కాదు.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలకు టిఫిన్ బాక్సు పట్టుకుని వెళ్ళే అమ్మాయిలు, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఆఫీసులకు పోయేవాళ్ళు ఈ పుస్తకాన్ని వాళ్ళ అమ్మల కంటే వేరుగా చదువుతారు. వాళ్ళకు తట్టే ప్రశ్న ఇది: జీతమిచ్చేవాడే ప్రేమిస్తే ‘వద్దు’ అనే వీలు ఆడపిల్లకు ఎంత? పనిచేసేచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది 2013లో. ‘వద్దు’ అనే వీలు గురించిన ఆ ప్రశ్న జయంతి కాలంలో పెద్దగా ఎవరూ పైకి అడగలేదు. ఇప్పుడు మనం అడగాలి.

ఇది కోస్తా మధ్యతరగతి భాష, మన బతుకు కాదు అని ఒక మిత్రుడు అన్నారు. ఆ మాట న్యాయమే. దీని బదులు దాశరథి రంగాచార్య రాసిన ‘చిల్లర దేవుళ్ళు’ తీసుకుందామని ఆయన అన్నారు. నిజాం కాలపు తెలంగాణ పల్లెను అంత దగ్గరగా చూపిన నవలలు తక్కువ. వచ్చే ఏడాది దానికే నేను చేయెత్తుతాను. ఈసారి మాత్రం చాలా ఏళ్ళుగా పుస్తకం ముట్టనివాళ్ళు, ఇంతవరకు ఒక్క నవలా పూర్తి చేయనివాళ్ళు చివరి పేజీ దాకా రావాలి. అది సులోచనారాణికి చేతనయిన విద్య.

ఒక్క మనవి. నెలకో భాగం చొప్పున, పాత సీరియల్ లాగే చదువుదాం. ప్రతి సమావేశంలో మొదటి మాట అమ్మమ్మలది, రెండోది ఉద్యోగం చేసే అమ్మాయిలది కానివ్వండి. మగవాళ్ళు కూడా రావాలి. రాజశేఖరం గురించి వాళ్ళు ఏమంటారో వినాలని నాకు చాలా ఉంది.