గుమ్మం కాసిన బ్రదర్, ఓడలకు ఎదురెళ్లిన గురువు

యేసు సభ అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది చదువు. విజయవాడలో 1953లో మొదలైన ఆంధ్ర లొయోలా కళాశాల ఆ సభ గురువులదే. 1540లో పాపుగారి ఆమోదం పొందిన ఈ సభ నుంచి పునీతులైనవారిలో పండితులు చాలామంది ఉన్నారు. ఈ స్మారకోపన్యాసం మాత్రం ఒక ద్వారపాలకుడి గురించి, బానిసల ఓడలకు ఎదురెళ్లిన ఒక గురువు గురించి, ఆ గురువుకు నోరైన దుబాసీల గురించి.

అల్ఫోన్సస్ రోడ్రిగెజ్ స్పెయిన్‌లోని సెగోవియాలో ఉన్ని వ్యాపారి. భార్య పోయింది, పిల్లలూ ఒకరి వెనక ఒకరు పోయారు. సభలో చేరతానని వెళితే చదువు చాలదన్నారు, ఆరోగ్యం చాలదన్నారు. చివరికి 1571లో బ్రదర్‌గా తీసుకుని మయోర్కా ద్వీపంలోని కళాశాలకు పంపారు. నలభై ఏళ్లకు పైగా ఆయన అక్కడే ఉన్నారు, ఎక్కువకాలం గుమ్మం దగ్గరే. గంట మోగినప్పుడల్లా వచ్చింది ప్రభువేనన్నట్టు లేచి వెళ్లేవారట.

1605లో ఆ కళాశాలకు చదువుకోవడానికి కతలోనియా నుంచి ఒక యువకుడు వచ్చాడు. పేరు పీటర్ క్లావెర్. తత్వశాస్త్రం తరగతి గదిలో నేర్చుకుంటూ, తన జీవితం ఏం కావాలన్న ప్రశ్నను మాత్రం ఈ ముసలి బ్రదర్ ముందే పెట్టేవాడు. సముద్రం దాటి అమెరికా ఖండానికి వెళ్లమని ఆయనే ప్రోత్సహించారు.

1610లో క్లావెర్ కార్తహేనా చేరారు. నేటి కొలంబియాలో ఉన్న ఆ రేవు, స్పెయిన్ ఏలుబడిలోని అమెరికాకు ఆఫ్రికా బానిసలు దిగే ప్రధాన ద్వారం. అలోన్సో దె సాందోవాల్ అనే యేసు సభ గురువు అప్పటికే అక్కడ వారి మధ్య పనిచేస్తున్నారు. క్లావెర్‌కు దారి చూపింది ఆయనే. 1616లో గురుపట్టం పొందిన క్లావెర్, 1622లో తుది మాటపట్టు ఇచ్చినప్పుడు తాను ఎప్పటికీ ఆఫ్రికన్ల బానిసనని సంతకంలోనే రాసుకున్నారు.

ఆ మాటకు అర్థం ఏమిటో 1627 మే 31న ఆయన రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. ముందురోజు త్రిత్వ పండుగ. ఒక పెద్ద ఓడ రేవుకు వచ్చింది. నారింజలు, నిమ్మకాయలు, తీపి బిస్కెట్లు ఉన్న రెండు బుట్టలతో ఆయన, తోటివారు పరుగెత్తారు. జబ్బుపడినవారు ఒంటిమీద గుడ్డ లేకుండా తడి నేలమీద పడి ఉన్నారు. పలకలు మోసుకొచ్చి వేదికలా పరిచి వాళ్లను పైకి చేర్చారు. ఇద్దరికి ఒళ్లు చల్లబడిపోయింది, నాడి అందడం లేదు. పెంకు మీద నిప్పులు తెచ్చి పక్కన పెట్టి, సుగంధ ద్రవ్యాలు వేసి, తమ అంగీలే కప్పి పొగ పట్టించారు. వెచ్చదనం తిరిగొచ్చింది. దేవుడి మాట ఆ తర్వాతే ఎత్తారు. క్లావెర్ మూడు లక్షల మందికి జ్ఞానస్నానం ఇచ్చారని జీవితచరిత్రలు ఘనంగా చెబుతాయి. ఆయన్ని అర్థం చేసుకోవడానికి ఆ అంకె కంటే ఈ ఉత్తరం ఎక్కువ పనికొస్తుంది.

ఆ ఓడల్లో ఎన్నో భాషలు వినిపించేవి. దుబాసీలు లేకుండా క్లావెర్ ఒక్క అడుగు వేయలేకపోయేవారు. అంగోలా నుంచి వచ్చిన ఆంద్రేస్ సకబూచే వారిలో ఒకరు. ఇక్కడొక చేదు నిజం చెప్పాలి: ఈ దుబాసీలు యేసు సభ కళాశాల సొత్తుగా ఉన్న బానిసలు. బానిసత్వపు రొంపిలో పడిన మనిషిని ఎత్తుకున్న క్లావెర్, ఆ వ్యాపారాన్నే కూలదోయాలని పోరాడలేదు. ఆయన మీద ఎంత భక్తి ఉన్నవారైనా ఈ మాట దాచకూడదు. దాస్తే ఆంద్రేస్ మళ్లీ కనబడకుండా పోతారు.

1650లో నగరాన్ని పట్టిన అంటువ్యాధి క్లావెర్‌నూ పడగొట్టింది. చివరి నాలుగేళ్లు దాదాపు గదిలోనే, సరైన సేవ లేకుండా గడిచాయి. 1654 సెప్టెంబరు 8న కన్నుమూశారు. ఆ తర్వాత కార్తహేనాలో జరిగిన విచారణలో ఆయన జీవితానికి సాక్ష్యం చెప్పినవారిలో ఆంద్రేస్, తోటి ఆఫ్రికన్లు ఉన్నారు. క్లావెర్ గురించి నేడు చెప్పుకునే వివరాల్లో చాలా భాగం ఆ వాంగ్మూలాల నుంచి వచ్చినవే.

1888 జనవరి 15న పదమూడో లియో పాపుగారు క్లావెర్‌ను పునీతుడిగా ప్రకటించారు. ఆ రోజే, ఆ వేడుకలోనే, మయోర్కా ద్వారపాలకుడు అల్ఫోన్సస్‌నూ ప్రకటించారు. అప్పటికీ బ్రెజిల్‌లో బానిసత్వం సాగుతూనే ఉంది; అక్కడ అది చట్టబద్ధంగా రద్దయింది ఆ ఏడాది మే నెలలో.