చిన్నపిల్లలతో సంక్రాంతి గ్రీటింగ్ కార్డు: "ఇది నీదే కదన్నా"

ఈ రోజు ఎపిసోడ్ మా బత్తలపల్లె నుంచి. చిన్నపిల్లలతో ఇంట్లోనే సంక్రాంతి గ్రీటింగ్ కార్డులు ఎట్లా చేయించాలి అనేది టాపిక్. ఈజీ అనుకుని మొదలుపెట్టాను. మొదటిరోజే బోల్తా పడ్డాను. ముందు ఆ సంగతి చెప్పేసి, తర్వాత పనిలోకి వెళ్దాం.

మా వీధి పిల్లలు ఆరుగురు వచ్చారు. నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినా ఆ బుర్ర పోలేదు కదా, ముందురోజు రాత్రే ప్లాన్ వేశాను. గాలిపటం, చెరుకు, పొంగలి కుండ బొమ్మలు ప్రింట్ తీసి, నేనే కత్తిరించి పెట్టాను. పిల్లలు చేయాల్సింది అతికించడమే. అరగంటలో ఆరు కార్డులు రెడీ. కెమెరాలో బ్రహ్మాండంగా కనిపించాయి. అప్పుడు ఏడేళ్ళ పాప ఒకతి తన కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏమ్మా, నీకొద్దా?" అన్నాను. "ఇది నీదే కదన్నా" అంది.

అంతే. ఆ రోజు షూటింగ్ ఆపేశాను.

రాత్రి నా చిన్నప్పటి కార్డు గుర్తొచ్చింది. బత్తలపల్లె అంటే చాలామందికి ఆర్డీటీ ఆసుపత్రి తెలుసు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడి స్పెయిన్ కుటుంబాలు ఇక్కడి పిల్లలకి స్పాన్సర్లుగా ఉంటాయి, పిల్లలు వాళ్ళకి ఉత్తరాలు, బొమ్మలు పంపుతారు. నేనూ పంపాను. స్పెయిన్‌కి సముద్రం ఉందని ఎవరో చెబితే, నేను ఎన్నడూ చూడని సముద్రం గీసి పంపాను. అదే టైంలో మా నాయన బెంగళూరులో పనికి పోయి ఉన్నాడు. సముద్రాల అవతలికి కార్డు పంపినవాణ్ణి, సుమారు రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నాయనకి ఒక్కటి కూడా పంపలేదు. పంపొచ్చని నాకు తట్టలేదు.

ఇక్కడ ఇది ఒక్క ఇంటి కథ కాదు. మాది ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారింది గానీ వాన మారలేదు. ఈ ప్రాంతంలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేదు. శెనక్కాయ పంట ఎండితే అమ్మానాయన బెంగళూరు బస్సెక్కుతారు, పిల్లలు జేజి దగ్గర ఉంటారు. నా ముందు కూర్చున్న ఆరుగురిలో ముగ్గురు అట్లాంటివాళ్ళే.

అందుకే రెండోరోజు ప్రింట్లు పక్కన పడేసి ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టాను: "ఈ కార్డు ఎవరికి?" ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. "ఏం బొమ్మ వేద్దాం?" అని అడిగితే పిల్లలు మన మొహం చూస్తారు. "ఎవరికి?" అంటే వాళ్ళకే తెలుసు. ఆ పాప ఆలోచించకుండా "నాయనకి" అంది. ఒకడు పక్కనే కూర్చున్న జేజికి అన్నాడు. నాలుగేళ్ళవాడు వాళ్ళ మేకకి అన్నాడు. సరే, మేకకే.

ఇప్పుడు సామాన్లు. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. పాత పెళ్ళిపత్రికలు తీయండి, మందంగా ఉంటాయి, వెనకవైపు ఖాళీ ఉంటుంది. పక్కన ధర్మవరం ఉంది కాబట్టి మా ఇళ్ళల్లో చీర పెట్టెల అట్టలకి కొదవలేదు గానీ, పోస్టులో పంపే కార్డుకి అట్ట బరువెక్కువ. చేతికిచ్చే కార్డుకి వాడుకోండి. జిగురుకి మైదాపిండి నీళ్ళలో కలిపి ఉడికించండి, చాలు.

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకి శెనక్కాయ ముద్ర. కాయని నిలువుగా విప్పితే రెండు డిప్పలొస్తాయి కదా, ఒక డిప్ప వీపుని రంగులో అద్ది కాగితం మీద ఒత్తడమే. ఆ గీతల వల పడుతుంది చూడండి, భలే ఉంటుంది. రెండు ముద్రలు పక్కపక్కన వేస్తే సీతాకోకచిలుక. డిప్పలు మాత్రం కార్డుకి అతికించొద్దు, పోస్టులో నలిగి పొడైపోతాయి. గింజలు చిన్నపిల్లల నోట్లోకి, ముక్కులోకి పోకుండా ముందే తీసేయండి.

ఆరేళ్ళు దాటినవాళ్ళకి నా ఫేవరెట్, వెలుగు కార్డు. ఈ ఐడియా నాది కాదు, ధర్మవరం మండలం నిమ్మలకుంటది. అక్కడివాళ్ళు మేకతోలుతో తోలుబొమ్మలు చేస్తారు. తోలుని పల్చగా చేసి, రంగులద్ది, నగలూ అంచులూ ఉన్నచోట సన్నసన్న రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి వెలుగొచ్చి బొమ్మకి ప్రాణం వస్తుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

మనకి తోలు అక్కర్లేదు, పెళ్ళిపత్రిక చాలు. పిల్లలు పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. కింద దుప్పటి మడిచి వేసి, గీత వెంబడి బాగా చెక్కిన పెన్సిల్ మొనతో పొడుస్తూ పోతారు. దబ్బనం అయితే పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కొంచెం జాగా వదలండి, మరీ దగ్గరైతే కాగితం చిరుగుతుంది. అయ్యాక గది చీకటి చేసి, కార్డు వెనక ఫోన్ టార్చ్ వేయండి. గోడ దగ్గరగా పట్టుకుంటే గోడమీద చుక్కల బొమ్మ పడుతుంది.

మా పాప కుక్కని గీసింది. అయిదు కాళ్ళున్నాయి. నేను నోరు తెరిచేలోపే "ఒకటి తోక" అంది. కింద రాసింది: "నాయనా మన కుకకి నాలుగు పిల్లలు. ఒకటి నీకు." కుక్కలో కావత్తు లేదు. దిద్దుదామని పెన్ను కూడా తీశాను. మొన్నటి "ఇది నీదే కదన్నా" గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఒత్తులు బడిలో వస్తాయి. మీరూ దిద్దకండి, ప్లీజ్.

తర్వాత కవరు మీద అడ్రస్. ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. వాళ్ళ నాయన ఉండేది కట్టడం పని జరిగేచోట, రేకుల షెడ్డులో. డోర్ నంబర్ లేదు. ఫోన్ చేసి "అన్నా, నీ అడ్రస్ చెప్పు" అంటే ఆయన నవ్వాడు. "మాకు ఉత్తరాలు ఎవరు రాస్తారు తమ్ముడూ?" అన్నాడు. కాసేపు ఆగి, పక్కనున్న కిరాణా కొట్టు అడ్రస్ కనుక్కుని చెప్పాడు. విషయం ఏంటో నేను చెప్పలేదు.

పిన్‌కోడ్ పాప చేతే రాయించాను. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల్లో మొదటి అంకె పెద్ద ప్రాంతాన్ని చెబుతుంది. మన ఆంధ్రకీ, తెలంగాణకీ, కర్ణాటకకీ ఒకటే, 5. మాది 515తో మొదలవుతుంది, బెంగళూరుది 560తో. పాప రెండూ పక్కపక్కన చూసి "రెంటికీ 5 ఉందే, అయితే దగ్గరే కదన్నా" అంది. అవునమ్మా అన్నాను, ఇంకేం అంటాను. 20 గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు. ఒకసారి పోస్టాఫీసులో తూకం వేయించండి. డబ్బాలో కవరు మాత్రం పిల్లల చేతే వేయించండి, అవసరమైతే ఎత్తుకోండి.

అయిదోరోజు రాత్రి వాళ్ళ జేజి ఫోన్‌కి వీడియోకాల్ వచ్చింది. ఈ పాప మామూలుగా కాల్‌లో నిమిషం కూడా నిలబడదు, "బాగున్నా" అని పారిపోతుంది. ఆ రోజు స్క్రీన్ అంతా చీకటి. పక్కవాళ్ళ ఫోన్ టార్చ్ అడిగి తీసుకుని, రేకు గోడమీద కుక్కని వేసి చూపిస్తున్నాడు వాళ్ళ నాయన. "దీనికి అయిదు కాళ్ళేంటే?" అన్నాడు. "ఒకటి తోక నాయనా!" ఇక మొదలైంది, నాలుగు పిల్లల రంగులు, వాటి పేర్లు, ఏది ఆయనదో, అన్నీ. జేజి ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా మాట్లాడింది.

పండక్కి ఆయన వస్తాడో రాడో ఇంకా తెలియదు. మేస్త్రీ లీవు ఇవ్వాలి. కుక్కపిల్లని మాత్రం ఆయన కోసం పక్కన కట్టేసి ఉంచింది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఆదివారం ఒక గంట ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి. ఎవరికి అని అడగండి, తర్వాత చేతులు కట్టుకుని చూడండి. పండక్కి వారం ముందే పోస్ట్ చేయండి. ఫోన్ టార్చ్ ఎట్లాగూ అవతలివాళ్ళ దగ్గర ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.