యంత్రపు జూదము - దాని లెక్క
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జూదమనగానే మనకు పేకాట, సంక్రాంతి నాటి కోడిపందెము, తిరునాళ్లలోని గుండాట జ్ఞప్తికి వచ్చును. వాటికి జనము గుమిగూడవలెను. కావున అవి నలుగురి కంట బడును. నేడు నేను చెప్పదలచినది ఎవరి కంటను పడని జూదము. చక్రములు తిరుగు బొమ్మ రూపమున అది చేతి ఫోనులోనికే వచ్చినది. గదిలో ఒంటరిగా కూర్చున్న కుఱ్ఱవాడు చదువుకొనుచున్నాడో, తండ్రి పంట అమ్మిన సొమ్ము పోగొట్టుచున్నాడో ఇంటివారికి తెలియదు. ఇది తప్పని చెప్పిన మాత్రమున చాలదు. దీని లెక్క ఎట్టిదో ముందు మనము గ్రహింపవలెను.

ఈ యంత్రము అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ప్రసిద్ధికి వచ్చినది. 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలో చార్లెస్ ఫే అను యంత్రకారుడు 'లిబర్టీ బెల్' అను పేరుతో దీనిని నిర్మించెను. నాణెము వేసి ప్రక్కనున్న పిడిని లాగినచో మూడు చక్రములు గిర్రున తిరిగి, ఒకటి తరువాత ఒకటి ఆగును. మూడింటిపైనను గంట బొమ్మయే నిలచినచో పెద్ద బహుమానము లభించును.

ఇక లెక్క చూడుడు. ఒక్కొక్క చక్రముపై 10 బొమ్మలు గలవనియు, వానిలో గంట ఒక్కటే యనియు అనుకొందము. పదిని పదితోను, మరల పదితోను హెచ్చవేయగా 1,000 విధములు కలుగును. మూడు గంటలు కలియుట వెయ్యింటిలో ఒక విధము మాత్రమే. రూపాయి పందెమునకు యజమాని 900 రూపాయలు ఇచ్చుననుకొందము. వినుటకు అది గొప్ప బహుమానమే. కాని వెయ్యి ఆటలకు మనము కట్టునది 1,000. సగటున తిరిగి వచ్చునది 900.

"నూటికి పదియే కదా పోయినది!" అని కొందరు అనవచ్చును. ఆ పది మనము తెచ్చిన సొమ్ముపై కాదు, ఆడిన ప్రతి ఆటపై పోవును. వేయి రూపాయలు ఒకసారి ఆడగా సగటున 900 మిగులును. ఆ 900 మరల ఆడగా 810. ఈ విధముగా ఏడవసారికి 478 మాత్రమే. ఆటకు 10 రూపాయల చొప్పున నిముషమునకు పది ఆటలు ఆడినచో, గంటలో 6,000 రూపాయలు పందెము కాసినట్లగును. సగటు నష్టము గంటకు 600 రూపాయలు.

"ఇంతసేపు పోయినది, ఇక రాక తప్పదు" అనునది రెండవ భ్రమ. యంత్రమునకు జ్ఞాపకము లేదు. 999 మారులు ఓడినవానికిని తరువాతి ఆటలో అవకాశము వెయ్యింటిలో ఒకటియే. నూరుగురు తలకొక వెయ్యి ఆటలు ఆడినను, వారిలో సుమారు 37 మందికి మూడు గంటలు ఒక్కసారియైనను కలియవు.

మూడవ భ్రమ కంటికి సంబంధించినది. 1984లో ఇంగె టెల్నేస్ అను నార్వే దేశస్థుడు అమెరికాలో ఒక పేటెంటు పొందెను. దాని ప్రకారము చక్రము ఆగుచోటును లోపలి కంప్యూటరు ముందే నిర్ణయించును. చక్రము దానిని చూపుట మాత్రమే చేయును. కంటికి చక్రముపై 22 స్థానములు కనబడవచ్చును. లోపల మాత్రము 64 సంఖ్యలు ఉండవచ్చును. గంటకు ఒక్క సంఖ్య, దాని ప్రక్క స్థానములకు పెక్కు సంఖ్యలు కేటాయించినచో, గంట తరచుగా "కొంచెములో తప్పినట్లు" కనబడును. ఆడువాడు మరల ఆడును. కంటికి 10,648 లో ఒకటిగా తోచు అవకాశము నిజమునకు 2,62,144 లో ఒకటి.

అమెరికాలోని నెవాడా రాష్ట్రమున యంత్రము సగటున నూటికి 75 కు తగ్గకుండ తిరిగి చెల్లింపవలెనను నియమము గలదు. చాటుగా మన ఫోనులోనికి వచ్చు ఆటను తనిఖీ చేయువారెవరు?

చట్టము మన పక్షముననే యున్నది. 1974 నాటి గేమింగ్ చట్టమును తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను సవరించి, ఆన్‌లైను పందెములను దాని పరిధిలోనికి తెచ్చినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము డబ్బు కాయు ఆన్‌లైను ఆటలను, నేర్పుతో ఆడునవైనను, అదృష్టముతో ఆడునవైనను, నిషేధించినది.

అయినను చట్టము ప్రతి గదిలోనికి తొంగిచూడజాలదు. మీరు చేయదగిన పని యొకటి గలదు. గ్రామసభలో మూడు కుండలు పెట్టుడు. ఒక్కొక్క దానిలో తొమ్మిది తెల్లపూసలు, ఒక ఎఱ్ఱపూస వేయుడు. యువకులను పిలిచి, చూడకుండ కుండకొక పూస తీయుమనుడు. తీసినవానిని మరల వేసి కలుపుడు. మూడును ఎఱ్ఱవి వచ్చుటకు ఎన్ని మారులు పట్టునో వారినే లెక్కింపనిండు. ఒక గంటసేపటి ఉపన్యాసముకన్న ఇది మేలు.

ఇదివరకే నష్టపోయినవారిని నలుగురిలో నిందింపకుడు. సిగ్గుపడినవాడు అప్పును దాచును. దాచిన అప్పు పెరుగును. పోయినదానిని రాబట్టుటకు మరల ఆడవద్దనియు, కొత్త అప్పు చేయవద్దనియు అతనికి నచ్చజెప్పుడు. మోసముచే సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయించుడు.

యంత్రపు యజమాని అదృష్టమును నమ్ముట లేదు, లెక్కను నమ్ముచున్నాడు. మన గ్రామస్థులును ఆ లెక్కనే నేర్చినచో అతని చక్రము మన యూర తిరుగదు.