మన ఇళ్లలో ఫొటోలు: ఎలా దాచాలి, ఎవరి దగ్గర ఉండాలి



ఈ వర్క్‌షాపులో నాకిచ్చిన అంశం కుటుంబ ఫొటోల భద్రత. ఆర్కైవ్ సిద్ధాంతాల గురించి రేపు ఎలాగూ మాట్లాడుకుంటాం. నేను కవర్లు, పెన్సిళ్ల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈలోపు ఫొటోలు పాడైపోతున్నాయి.

మన ఇళ్లలో ఫొటోలు తక్కువ. పెళ్లిది ఒకటి, హాస్టల్ గ్రూపు ఫొటో ఒకటి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకి అంటించగా మిగిలిన పాస్‌పోర్టు సైజువి రెండు, ఏప్రిల్ 14న విగ్రహం దగ్గర దిగింది ఒకటి. కొందరు తాతలకు, నాయనమ్మలకు బతికున్నప్పటి ఫొటోయే లేదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించిందే ఉంది.

వీటికి ఎక్కువ చేటు జరిగేది ప్రేమతో చేసే పనుల వల్లే. మొదటిది లామినేషన్. వేడితో అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేం. రెండోది జిగురు పేజీల ఆల్బం. ఆ జిగురు పసుపుపచ్చగా మారి ఫొటోను పట్టేస్తుంది. ఊడిరాకపోతే పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. చెమ్మకు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోకైనా ఇదే దారి: అద్దం మీదుగానే కాపీ తీయాలి.

కొనాల్సినవి ఎక్కువేం లేవు. యాసిడ్ లేని కాగితం కవర్లు, లేదా పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లు. పీవీసీ వద్దు, కొత్త రెయిన్‌కోటు వాసన కొడితే పక్కన పెట్టేయండి. మెత్తటి బ్రష్, 4బీ పెన్సిలు, సిలికా జెల్ పొట్లాలు, మూత గట్టిగా పడే డబ్బా. రబ్బరు బ్యాండ్లు, గుండుపిన్నులు, సెల్లోటేపు దగ్గరికి రానివ్వకండి. నాఫ్తలీన్ ఉండలున్న అరలో పెట్టకండి. ఏసీ గది ఉంటుందనుకుని రాసిన మాన్యువళ్లు మన రేకుల ఇళ్లకు పనికిరావు. వంటింటి పొగకు దూరంగా, బయటి గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా, ఇంట్లో చల్లగా ఉండే చోటు చూడండి, చాలు.

స్కానింగ్ 600 డీపీఐలో చేసి టిఫ్ ఫైలుగా దాచండి. స్కానర్ లేకపోతే ఫోనుతో, నీడపట్టున, ఫ్లాష్ లేకుండా తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపండి.

ఇక పెన్సిలు సంగతి. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల ఫొటోలున్నాయి. వాటి కింద చాలావరకు కులం పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ పనిని విమర్శిస్తూ వ్యాసాలు రాసే మనం, మన ఇంటి ఫొటో వెనక 'ఫలానా వారి కోడలు' అని రాసి ఊరుకోవడం ఏం న్యాయం? ఆమె సొంత పేరు అడగండి. పుట్టిన ఊరు, చేసిన పని అడగండి. ఫొటోను నున్నటి బల్ల మీద బోర్లా పెట్టి, అంచున, నొక్కకుండా రాయండి. వెనక ప్లాస్టిక్ పూత ఉన్న రంగుల ఫొటోల మీద పెన్సిలు పడదు, వాటికి కవరు మీద రాయాలి. బాల్‌పెన్ను వద్దు.

మనకే ఉన్న చిక్కు ఇంకోటుంది. కోస్తా జిల్లాల్లో ట్రంకుపెట్టె అడుగున చర్చి పెళ్లి ఫొటోలు, బాప్తిస్మం ఫొటోలు ఉంటాయి. అవి పైకి రావు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. ఆ ఇంటి పిల్లల సర్టిఫికెట్ మీద ఫిర్యాదు పెట్టాలనుకునేవాడికి, మనం ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటో ఆధారమవుతుంది. ఆర్కైవ్ అంటే అన్నీ అందరికీ తెరిచి ఉంచేది అని క్యాంపస్‌లో తరచూ వింటాం. సర్టిఫికెట్ పోతుందన్న భయం లేనివాళ్ల మాట అది. నేను ఒప్పుకోను.

అందుకే నా ఫీల్డ్‌వర్క్‌లో అసలు ఫొటో ఇల్లు దాటదు. అనుమతి ఇంటికొకటి కాదు, ఫొటోకొకటి. ఇంటి పెద్దాయన సరే అన్నా, ఫొటోలో ఉన్న ఆడవాళ్లను విడిగా అడుగుతాను. స్కాన్ చేసిన ప్రతిదానికీ ఒక ప్రింటు వాళ్లకిస్తాను. థీసిస్‌లో వాడకూడనివి వేరే డిస్క్‌లో ఉంటాయి.

ఒక పెద్దావిడ తన పెళ్లి ఫొటో చూపించి, స్కాన్ మాత్రం వద్దన్నారు. 'పేర్లు రాసిపెట్టమ్మా, నా తర్వాత వీళ్లెవరో పిల్లలకు తెలియదు' అన్నారు. ఆవిడ చెబుతుంటే పద్నాలుగు పేర్లు రాశాను. ఫొటోను కవర్లో పెట్టి ఇస్తే, పెట్టెలో ఆవిడే పెట్టుకున్నారు.

జై భీమ్.