దండు చీమల సంసారము
(పాఠశాల వార్షికోత్సవ సభలో తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో చీమలను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగ తోచవచ్చును. కాని వేరుసెనగ పండించు ఈ గూళూరు పరిసరములలో చీమ నెరుగని ఇల్లు లేదు. పిల్లవాడు చెప్పిన మాట వినకున్నచో, "చీమలను చూచి నేర్చుకో, బారు తప్పక ఎట్లు పోవుచున్నవో!" యని మందలించుట మనకందరకును అలవాటే. ఆ బారును నడపువా రెవరో నేడు కొంచెము విచారింతము.

చీమలలో దండు చీమలని ఒక తెగ కలదు. సామాన్యముగ అనేక జాతుల చీమలలో ఒకటి రెండు ముందుగ బయలుదేరి, ఆహారమును కనుగొని, మరలివచ్చి తోడివానిని పిలుచుకొని పోవును. దండు చీమ యట్లు ఒంటరిగ వేటకు పోదు. వేలకొలది ఒక్కుమ్మడి కదలును. దానికి స్థిరనివాసము లేదు. కొంతకాలమొక చోట నుండి, పిల్లలతో రాణితో సహా మరియొక చోటికి తరలిపోవును. దాని రాణికి ఏ దశయందును రెక్కలుండవు. ఈ మూడు లక్షణములును దండు చీమలకు గుర్తులు. అమెరికా ఖండపు అడవులలో ఎసిటాన్, ఆఫ్రికా ఆసియా ఖండములలో డోరిలస్, మన ఆసియాలోను ఈనిక్టస్ అను జాతులు ఇందు ముఖ్యమైనవి.

ఇవి దూరదేశపు వింతలని తలపవలదు. డోరిలస్ ఓరియెంటాలిస్ అను చీమ మన దేశపు నేలలోనే యున్నది. దాని పనిచీమలకు కన్నులు లేవు. అవి మట్టిలోపలనే సంచరించును. తక్కిన దండు చీమలు మాంసాహారులు కాగా, ఇది ఉర్లగడ్డలను, వేరుసెనగ కాయలను తొలిచి తినును. పైన ఆకు పచ్చగ నుండగనే లోపల కాయ డొల్లయగుట ఇట్టి పురుగుల వలననే. డోరిలస్ జాతి మగచీమ ఎర్రని దేహముతో, రెక్కలతో రాత్రివేళ దీపముకడకు వచ్చి చేరును. దానిని చూచి చీమయని చెప్పగలవారరుదు. 1764లో లిన్నేయస్ పండితుడంతటివాడు ఆఫ్రికా నుండి వచ్చిన యట్టి మగచీమను కందిరీగలలో చేర్చి పేరు పెట్టెను!

ఈనిక్టస్ చీమలు మిక్కిలి చిన్నవి. వానికిని కన్నులు లేవు. అవి ఇతర చీమల పుట్టలపై దండెత్తి, అందలి పిల్లపురుగులను మోసికొనిపోవును. వీనితో పోల్చదగిన మరియొక చీమ దక్షిణదేశమున నున్నది. అది లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్. ఒకప్పుడు నెల్లూరులో వైద్యుడుగ నుండిన జెర్డన్ దొర 1851లో దీనిని వర్ణించెను. నల్లగ నిగనిగలాడు ఈ చీమ దండు చీమల వంశమునకు చెందినది కాదు. అయినను బారులు దీరి పోయి చెదలను వేటాడును. దాని బాటలు చెట్టుకొమ్మలవలె చీలి యుండుటకు కారణమేమని బెంగళూరు శాస్త్రజ్ఞులు గణేశయ్య, వీణ గార్లు పరిశోధించి 1991లో ప్రకటించిరి. కనుక రైతు సోదరులకొక మాట: గట్టుపై బారు కనబడగనే మందు చల్లకుడు. చెదను మోసికొనిపోవు చీమ మీ పైరుకు పగ కాదు. కాయను తొలుచునది నేలక్రింద కంటికి కనబడకున్నది.

ఇక ఈ దండునకు సేనాపతి ఎవరు? అమెరికా దేశీయుడగు ష్నైర్లా 1932 మొదలు పనామా దేశమందలి బారో కొలరాడో ద్వీపములో ఎసిటాన్ చీమలను అనేక సంవత్సరములు కనిపెట్టి చూచెను. అవి సుమారు 15 దినములు ప్రతి రాత్రియు విడిది మార్చుచు పోవును. పిమ్మట సుమారు 20 దినములు ఒకేచోట నిలుచును. కరవు వలన కదలుచున్నవనియు, రాణి ఆజ్ఞ వలన నిలుచుచున్నవనియు మనకు తోచును. ఆయన కనుగొన్నది వేరు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగులు ఆకలిగొని మెదలుచున్నంతకాలము పనిచీమలు ఉద్రేకముతో తిరుగును. ఆ పిల్లలు గూడు అల్లుకొని కదలక పడియున్నప్పుడు దండును నెమ్మదించును. ఆ విశ్రాంతికాలములోనే రాణి వేలకు వేలు గ్రుడ్లు పెట్టును. గూళ్లనుండి క్రొత్త చీమలు వెలువడగనే దండు మరల కదలును. కాబట్టి లక్షల సేనను నడపునది రాణి కాదు. ఉయ్యాలలోని పసిబిడ్డ ఇంటిల్లిపాదిని లేపునట్లు, ఆ పసిపురుగులే నడపుచున్నవి.

వాని ఇల్లును వింతయే. మట్టితో గాని ఆకులతో గాని కట్టినది కాదు. పనిచీమలు ఒకదాని కాలి గోళ్లను మరియొకటి పట్టుకొని గుత్తిగ వ్రేలాడును. ఆ సజీవమగు గోడలనడుమ రాణియు పిల్లలును భద్రముగ నుందురు. సంతతి పెరిగినపుడు దండు రెండుగ చీలి, ఒక్కొక్క భాగము ఒక్కొక్క రాణిని వెంటగొని వేరుపడును. అన్నదమ్ములు వేరింటి కాపురము పెట్టినట్లు!

ఇంతటి కట్టుబాటునకు మరియొక ముఖము గలదు. ఈ చీమలు ముందుపోయిన చీమ నేలపై విడిచిన వాసనను పట్టుకొని పోవును. ఏ కారణముననో ఆ బాట తన మొదటితో తానే కలిసినచో, బారంతయు చక్రమువలె తిరుగుచుండును. విలియం బీబ్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు గయానా దేశమున అట్టి చక్రమును చూచి 1921లో వ్రాసెను. దాని చుట్టుకొలత సుమారు 1200 అడుగులు. ఒక చీమ ఒక్క చుట్టు తిరుగుటకు రెండున్నర గంటలు పట్టెను. ఇట్టి చక్రములలో చిక్కిన చీమలు అలసి సొలసి వేలకొలది చచ్చును.  బారు తప్పకుండుటయే వాని చావునకు కారణమగును.

తలిదండ్రులారా! చీమవలె బారు తప్పకుమని పిల్లలకు చెప్పునపుడు ఈ చక్రమును గూడ జ్ఞప్తియందుంచుకొనుడు. కన్నులు లేని ప్రాణికి వాసనయే దారి. మన బిడ్డలకు కన్నులున్నవి, ప్రశ్నించు నోరున్నది. పెద్దల మాట వినుట మంచిదే. ఆ మాట ఎందులకని అడుగుటయు మంచిదే. సాయంకాలము బిడ్డ పొలమునుండి వచ్చి, "అమ్మా, ఈ చీమ చెదను ఎక్కడికి మోసికొని పోవుచున్నది?" అని యడిగినచో, పనివేళ యని కసరకుడు. తెలిసినంత చెప్పుడు; తెలియనిది బడికి వచ్చి అడుగుమని పంపుడు. ఇంట మాటలాడు తెలుగులోనే తాను చూచినది నాలుగు వాక్యములుగ వ్రాసికొని రమ్మనుడు. ఆ పిల్లలు చూచి వ్రాసినవి వచ్చు వత్సరపు సంచికలో అచ్చగునట్లు మేము ప్రయత్నింతుము.