సహాయమనగా తోడు నడచుట
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



మన సంఘము ఏటేట విద్యార్థివేతనముల నొసగుచున్నది. ఇది మిక్కిలి శ్లాఘ్యము. కాని వేతనమందిన బాలుడు పట్టణమున నెవ్వరితో భుజించుచున్నాడో, దుఃఖము కలిగినప్పు డెవ్వరితో చెప్పుకొనుచున్నాడో మన లెక్కల పుస్తకమున కానరాదు. ‘సహాయుడు’ అను సంస్కృతశబ్దమునకు కూడ నడచువాడని వ్యుత్పత్తి. ధనమిచ్చుట దానము, తోడు నడచుట సహాయము.

ఏకాకిత్వము వృద్ధుల బాధయని పలువురు తలంతురు. ప్రపంచారోగ్యసంస్థ 2025లో వెలువరించిన నివేదికనుబట్టి 13 మొదలు 29 ఏండ్లవారిలో నూటికి 17 నుండి 21 మంది ఒంటరితనముచే బాధపడుచున్నారు. పల్లెనుండి వచ్చినవాడు, తన యింట మొట్టమొదట చదువుకొన్నవాడు, ఆంగ్లమున తడబడువాడు, అంగవైకల్యము కలవాడు పదుగురి నడుమ కూర్చుండియు ఒంటరియే.

1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి వసతిగృహము వంటివి పల్లె విద్యార్థులకు గదితోపాటు పంక్తిభోజనమును సమకూర్చినవి. పంక్తిలో నొక విస్తరి ఖాళీగా నున్నచో “వాడేడీ?” యని యెవరో యొకరు అడుగుదురు. నేడు అద్దెగదిలో సెల్‌ఫోను చూచుచు భుజించు బాలుని గూర్చి అట్లడుగువారు లేరు.

కావున మేము మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: ప్రతి పోషకుడును ఇద్దరు విద్యార్థులను తనవారిగా నెంచి, నెలకొకమారైనను ఇంటికి పిలిచి భోజనము పెట్టవలెను. బాలికలను ఇంటి స్త్రీలు పిలువవలెను. మార్కులు పిదప నడుగుదము. ముందు వారి మాట విందము. చావుమాట పలికిన బిడ్డను మందలింపక, ఒంటరిగా విడువక, 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్‌కు 14416 సంఖ్యతో ఫోను చేయవలెను. దానికి రుసుము లేదు.

రెండవది: వారికొక పని నప్పగింపవలెను. చిన్నపిల్లలకు గణితము చెప్పుట, గ్రంథాలయము తెరచుట, సభల జమాఖర్చులు వ్రాయుట వంటివి చాలును. తన రాకకై యెదురుచూచువారు కలరని యెరిగిన బాలుడు పరాభవమునకు సులభముగా క్రుంగడు.

మూడవది కొందరికి రుచింపకపోవచ్చును. జాషువ మహాకవి 1941లో ప్రకటించిన ‘గబ్బిలము’ కావ్యమున అంటరానివాడొకడు తన గోడు గబ్బిలముతో చెప్పుకొనును. ఊరినిండ మనుష్యులుండియు వాని కా దురవస్థ పట్టినది; వారందరును తలుపులు మూసికొనిరి. మన పంక్తి అట్టి తలుపు కారాదు. మన బాలునితోపాటు వాని తరగతిలోని అన్యకులజుని, విశేషించి దళితబాలుని, పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుడు. మనవారికే తోడైన సంఘము మరియొకని ఒంటరి చేయును.

వచ్చు మహాసభలో ఎంత ధనమిచ్చితిమో చెప్పుకొనుటతోపాటు ఎందరితో కలిసి భుజించితిమో కూడ లెక్క చెప్పుకొందుము గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.